మంటని కాదు, పెట్టెని చూడండి: పాత గ్యాస్ ఫైర్‌ప్లేస్ బాగుచేయాలా, మార్చాలా?

పైలట్, అంటే పెద్ద మంటని అంటించే చిన్న మంట, వెలుగుతుంది. నాబ్ నొక్కి పట్టుకున్నంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. వేలు తీయగానే ఆరిపోతుంది. ఇరవయ్యేళ్ల నాటి గ్యాస్ ఫైర్‌ప్లేస్‌కి ఈ జబ్బు వచ్చిందంటే, చూడ్డానికి వచ్చిన మనిషి నోట చాలాసార్లు వినిపించే మాట ఒకటే: "పాతదైపోయిందండీ, పార్టులు దొరకవు, కొత్తది వేయించుకోండి." ఇంటివాళ్లు సరేనంటారు. వేలెడంత కొన, దానికో సన్నటి రాగి తీగ ఉండే థర్మోకపుల్ అరిగిపోయినందుకు మొత్తం యూనిట్‌ని గోడలోంచి పెకలించేస్తారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే.

దీనికి తలకిందుల కేసు ఇంకోటుంది. బటన్ నొక్కగానే వెలుగుతుంది, మంట ముచ్చటగా ఊగుతుంది, ఎవరికీ ఏ ఫిర్యాదూ ఉండదు. వెనక మాత్రం ఫైర్‌బాక్స్ (లోపల మంట మండే రేకు పెట్టె) వెల్డు దగ్గర తుప్పు తినేసి ఉంటుంది, లేదా గోడలో వెంట్ పైపు జాయింటు ఊడి ఉంటుంది. మేడిపండు వ్యవహారం. మార్చాల్సింది దీన్ని. దీన్నెవరూ మార్చరు.

అందుకే నా వాదన ఇది: తయారైన ఏడాదిని బట్టీ, మంట అందాన్ని బట్టీ నిర్ణయం తీసుకోకండి. ఫైర్‌ప్లేస్‌ని రెండు ముక్కలుగా చూడండి. పైలట్, థర్మోకపుల్, థర్మోపైల్, వాల్వు, స్విచ్, ఫ్యాను ఇవన్నీ వెలిగించే సరంజామా. ఇవి అరిగేవే, మార్చుకోడానికి వీలుగా చేసినవే. ఫైర్‌బాక్స్, గ్లాసు, వెంట్ పైపు ఇవి కలిసి పెట్టె. మండిన గాలిని మనం పీల్చే గాలితో కలవనీయకుండా ఉంచేది ఈ పెట్టె. మొదటిదాంట్లో ఏం పోయినా ముందు రిపేరు మాటే ఆలోచించాలి. రెండోదాంట్లో లోపం కనిపిస్తే, యూనిట్ ఐదేళ్లదైనా సరే, వాడకం ఆపి తర్వాత మాట్లాడుకోవాలి.

ఒక హద్దు ముందే చెప్పాలి. గ్యాస్ వాసన వస్తుంటే ఈ పరీక్షలేవీ చేయకండి. స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వెళ్లి, అక్కణ్ణుంచి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి.

మిల్లీవోల్టుల లెక్క

ఎప్పుడూ ఒక చిన్న పైలట్ మంట వెలుగుతూ ఉండే పాత రకాల్ని మిల్లీవోల్ట్ సిస్టం అంటారు. దీనికి ఇంటి కరెంటుతో పనిలేదు, తన కరెంటు తనే చేసుకుంటుంది. పైలట్ మంటలో రెండు కొనలు మునిగి ఉంటాయి. సన్నది థర్మోకపుల్. వేడెక్కితే 25 నుంచి 30 మిల్లీవోల్టులు పుట్టించి, వాల్వులోని చిన్న విద్యుదయస్కాంతాన్ని పట్టి ఉంచుతుంది. పైలట్ ఆరితే ఆ అయస్కాంతం వదిలేస్తుంది, గ్యాస్ ఆగిపోతుంది. లావుది థర్మోపైల్, అంటే చాలా థర్మోకపుళ్లని ఒకే గొట్టంలో వరసగా కలిపినది. మంచి స్థితిలో 500 నుంచి 750 మిల్లీవోల్టుల దాకా ఇస్తుంది. మెయిన్ బర్నర్‌కి గ్యాస్ వదిలే కాయిల్‌ని తెరిచేది ఇదే.

కాబట్టి ఏది పోయిందో లక్షణమే చెప్పేస్తుంది. నాబ్ వదలగానే పైలట్ ఆరితే అనుమానం థర్మోకపుల్ వైపు. పైలట్ నిలిచి, స్విచ్ వేసినా మెయిన్ బర్నర్ రాకపోతే థర్మోపైల్, స్విచ్, వాటి మధ్య వైరు, ఈ మూడింట్లో ఒకటి. అయితే పార్టు కొనేముందు పైలట్ మంటని చూడాలి. నీలంగా, గట్టిగా, రెండు కొనల పైభాగాన్ని దాదాపు 10 నుంచి 13 మిల్లీమీటర్ల మేర చుట్టుముట్టి ఉండాలి. పసుపుగా, వాలిపోయినట్టు ఉంటే థర్మోకపుల్ తప్పేమీ లేదు, దానికి వేడే అందడం లేదు. దుమ్ము చేరి ఉండొచ్చు, సాలీడు గూడు కట్టి ఉండొచ్చు. గ్యాస్‌కి వాసన కోసం కలిపే పదార్థం సాలీళ్లని ఆకర్షిస్తుందంటారు. వాటి అభిరుచి ఎలా ఉన్నా, పైలట్ గొట్టంలో వాటి గూడు మాత్రం మామూలే. గ్యాస్ కట్టేసి, అంతా చల్లారాక డబ్బా గాలితో ఊదాలి. సూది పెట్టి పొడవకూడదు. పైలట్ ఆరిఫిస్ బెజ్జం వెంట్రుకంత, దాన్ని కొద్దిగా పెద్దది చేసినా మంట స్వభావమే మారిపోతుంది.

మంట బాగున్నాక మల్టీమీటర్ తీయండి. డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి, బర్నర్ స్విచ్ ఆపి, పైలట్ మూడు నాలుగు నిమిషాలు మండాక, వాల్వు మీద టి.పి., టి.పి.టి.హెచ్. అని రాసి ఉన్న రెండు టెర్మినళ్ల మధ్య కొలవాలి. చాలా మాన్యువళ్లలో కనీసం 325 ఉండాలని ఉంటుంది. నా లెక్కలో 400 కిందికి దిగిందంటే థర్మోపైల్‌కి రోజులు దగ్గరపడ్డట్టే. తర్వాత స్విచ్ వేసి, బర్నర్ మండుతుండగా మళ్లీ కొలవాలి. అంకె సగానికి సగం పడిపోవడం సహజం. కాయిల్ నిరోధం రెండు ఓములకు అటూ ఇటూ, థర్మోపైల్ లోపలి నిరోధమూ అలాంటిదే, కాబట్టి వోల్టేజీని రెండూ పంచుకుంటాయి.

గోడ స్విచ్ అమాయకంగా కనిపిస్తుంది గానీ సగం కేసుల్లో దొంగ అదే. రెండు ఓముల కాయిల్ ఉన్న సర్క్యూట్‌లో స్విచ్ కాంటాక్టు మీద పట్టిన మకిలి ఒక ఓము కలిపినా వాల్వు తెరుచుకోకపోవచ్చు. 230 వోల్టుల బల్బు సర్క్యూట్‌కి అదే ఒక ఓము లెక్కలోకి కూడా రాదు. తేల్చుకోవడం తేలిక: టి.హెచ్., టి.పి.టి.హెచ్. టెర్మినళ్లని చిన్న వైరు ముక్కతో కలపండి. బర్నర్ వెలిగిందా, వాల్వూ థర్మోపైలూ రెండూ బాగున్నాయి, స్విచ్చో వైరో మార్చండి. ఆ స్విచ్ మార్చేటప్పుడు మాత్రం, అదే డబ్బాలో పక్కన ఇంటి కరెంటు వైర్లుంటే అవి పొరపాటున కూడా దీనికి తగలకూడదు. తగిలితే కాయిల్ అక్కడికక్కడే కాలిపోతుంది. చిన్న పనికని దిగి వాల్వు పోగొట్టుకునే దారి అది.

థర్మోకపుల్ బిగించేటప్పుడు వేళ్లతో బిగిసినంత బిగించి, స్పానర్‌తో పావు చుట్టు తిప్పితే చాలు. అంతకంటే బిగిస్తే కొన నలిగి, కొత్త పార్టు కూడా పాతదానిలాగే ప్రవర్తిస్తుంది. "మార్చినా అదే తంతు, ఇక వాల్వే పోయింది" అన్న తీర్పుల వెనక చాలాసార్లు ఈ అతి బిగింపే ఉంటుంది.

పైలట్ ఎప్పుడూ వెలగని కొత్త రకాల్లో స్పార్క్ మాడ్యూల్ ఉంటుంది. టక టకమని స్పార్క్ వస్తూ, పైలట్ వెలిగినా స్పార్క్ ఆగకపోతే, మంట వెలిగిన సంగతి మాడ్యూల్‌కి తెలియడం లేదన్నమాట. మంటలోంచి పారే మైక్రోఆంపుల కరెంటుని బట్టి అది కనిపెడుతుంది. సెన్సార్ కడ్డీ మీద తెల్లపొర పట్టినా, ఎర్త్ వైరు వదులైనా ఆ కరెంటు అందదు. సన్నటి స్టీల్ ఊల్‌తో కడ్డీ రుద్దండి, ఎర్త్ బిగించండి, బ్యాకప్ బ్యాటరీలు కారిపోయాయేమో చూడండి. పింగాణీ తొడుగు చీలి ఉంటే పైలట్ అసెంబ్లీ మార్చాల్సిందే.

వాల్వు దగ్గర ఆగాలి

ఇక్కడిదాకా జాగ్రత్తగా పనిచేసే ఎవరైనా చేసుకోగలరు. వాల్వు దగ్గర్నుంచి లైసెన్సున్న గ్యాస్ ఫిట్టర్ పని. కారణం ధైర్యానికి సంబంధించింది కాదు, కొలతకి సంబంధించింది. వాల్వు మార్చినవాళ్లు మానోమీటర్‌తో రెండు పీడనాలు చూసి తీరాలి. సహజవాయువైతే వాల్వులోకి వచ్చేది సాధారణంగా 5 నుంచి 7 అంగుళాల వాటర్ కాలమ్ (గ్యాస్ పీడనాన్ని నీటిమట్టం ఎత్తుతో చెప్పే కొలత), బర్నర్‌కి వెళ్లేది 3.5. ప్రొపేన్ అయితే లోపలికి 11, బర్నర్‌కి 10. మీ యూనిట్‌కి సరైన అంకెలు కింది జాలీ వెనక ఉండే రేటింగ్ ప్లేటు మీద ఉంటాయి. ఈ కొలతలు బర్నర్ మండుతుండగా, ఇంట్లో మిగతా గ్యాస్ పరికరాలు కూడా నడుస్తుండగా తీయాలి. లైన్‌లో అప్పుడు పీడనం పడిపోతుంటే వాల్వు మార్చి ప్రయోజనం లేదు, అసలు జబ్బు పైపు సైజుది. కొలవకుండా "మంట బాగానే ఉంది" అని వెళ్లిపోయేవాణ్ణి మళ్లీ పిలవొద్దు.

పార్టులు దొరకవన్న మాటకి ఇక్కడ కొంత విలువుంది. థర్మోపైల్, థర్మోకపుల్ సర్వసాధారణమైన వస్తువులు. పొడవూ, మొన తీరూ కలిస్తే ఏ తయారీవైనా పనిచేస్తాయి. సిట్ 820 నోవా లాంటి వాల్వులు ఎన్నో బ్రాండ్ల ఫైర్‌ప్లేసుల్లో వాడారు కాబట్టి అవీ దొరుకుతాయి. కానీ మీ మోడల్‌కి తయారీదారు పేర్కొన్న వాల్వు ఆగిపోయి, వాళ్లు బదులు వాల్వు కూడా చెప్పకపోతే, "ఇది కూడా అలాంటిదేనండీ" అంటూ ఇంకోటి బిగించే పనికి ఒప్పుకోకండి. థర్మోపైల్ తేడా వస్తే ఫైర్‌ప్లేస్ వెలగదు, అంతే. వాల్వు తేడా వస్తే వెలుగుతుంది, తప్పుగా వెలుగుతుంది. ఒకటి అసౌకర్యం, రెండోది ప్రమాదం. వెలిగించే సరంజామాలో కొత్తది కొనమని నేను చెప్పేది ఈ ఒక్క సందర్భంలోనే.

మంట చెప్పేవి, దాచేవి

గ్లాసు మీద నల్లటి మసి పడుతుంటే రెండు విషయాలు చూడాలి. మొదటిది, సిరామిక్ దుంగల అమరిక. అవి అలంకారమే అయినా వాటి చోటు అలంకారం కోసం నిర్ణయించింది కాదు. శుభ్రం చేశాక ఎవరో అందంగా ఉందని రెండంగుళాలు జరిపితే, మంట దుంగకి తగిలి చల్లబడి, పూర్తిగా మండక మసీ కార్బన్ మోనాక్సైడూ పుడతాయి. మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, పిన్నులు ఎక్కడ దిగాలో కూడా ఉంటుంది. రెండోది, బర్నర్ గొట్టం మొదట్లో ఉండే గాలి షట్టర్. మసి పడుతుంటే కాస్త తెరవాలి. మంట పూర్తిగా నీలంగా, పొట్టిగా, బర్నర్ మీంచి లేచిపోతున్నట్టు ఉంటే కాస్త మూయాలి. ఒకసారికి ఒక మిల్లీమీటరో రెండో జరిపి, పదిహేను ఇరవై నిమిషాలు మండనిచ్చి చూడాలి. చల్లటి మంట చూసి తీర్పు చెబితే తప్పుతుంది.

స్విచ్ వేశాక రెండు మూడు క్షణాలు ఆలస్యంగా "భప్పు"మని అంటుకుంటుంటే దాన్ని అలవాటుగా వదిలేయకండి. పైలట్ పక్కనున్న బర్నర్ రంధ్రాలు దుమ్ముతోనో, నిప్పుకణికల్లా కనిపించేందుకు పరిచే రాక్‌ఊల్‌తోనో మూసుకుపోయి, గ్యాస్ పెట్టెలో పోగయ్యాక అంటుకుంటోందన్నమాట. ప్రతి భప్పూ గ్లాసు మీద ఒక దెబ్బ. రంధ్రాలు శుభ్రం చేస్తే పోయే సమస్య ఇది, వదిలేస్తే గ్లాసు పగులుతుంది. దుంగలూ, రాక్‌ఊలూ ముట్టుకునేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి. ఏళ్లతరబడి కాలిన సిరామిక్ ఫైబర్‌లో స్ఫటిక సిలికా ఏర్పడుతుంది. మరీ పాతవాటిలో బూడిదలా కనిపించే అలంకార పదార్థంలో ఆస్బెస్టాస్ కూడా ఉండొచ్చు. అమెరికాలో అలాంటివాటి అమ్మకాన్ని 1977లో నిషేధించారు. ఆ కాలం నాటిదైతే కదపకుండా వదిలేసి పరీక్ష చేయించాలి.

గ్లాసు మీద తెల్లటి మంచులాంటి పొర వేరు. గ్యాస్‌లోని గంధకం, కొత్త దుంగల్లోంచి వచ్చే ఆవిర్లు, నీటి తేమ కలిసి పేరుకునేది అది. ఫైర్‌ప్లేస్ గ్లాసుకని అమ్మే క్లీనర్‌తో, పూర్తిగా చల్లారాకే తుడవాలి. అమ్మోనియా ఉన్న మామూలు కిటికీ క్లీనర్ వద్దు. గ్లాసుకి పగులున్నా, అంచున ముక్క లేచినా ఆ క్షణం నుంచి వాడకూడదు. బదులుగా మామూలు గాజు కోయించి పెట్టే ఆలోచన అసలే వద్దు. తయారీదారు ఫ్రేమూ గాస్కెట్టూ కలిపి ఇచ్చేదే పెట్టాలి. అది దొరకడం మానేసిందంటే ఆ ఫైర్‌ప్లేస్ ఆయుష్షు కూడా తీరినట్టే. పెట్టె అన్న మాటలో గ్లాసునీ చేర్చింది ఇందుకే.

పెట్టె పరీక్ష

దుంగలూ, బర్నరూ తీసి, మంచి టార్చి వేసి ఫైర్‌బాక్స్ లోపల చూడాలి. పైపైన ఎర్రటి తుప్పు ఉంటే కంగారు లేదు. పొరలుగా ఊడొస్తున్నా, వెల్డు వెంట సన్నటి గీత కనిపిస్తున్నా, వెనక రేకు ఉబ్బినా పని అయిపోయినట్టే. అతుకు వేయడం, ఫర్నేస్ సిమెంట్ పూయడం గురించి ఎవరైనా చెబితే వినండి, చేయించకండి. ఎరుపెక్కి చల్లారే రేకు వ్యాకోచ సంకోచాల్ని ఆ పూత తట్టుకోదు.

తర్వాత వెంట్. డైరెక్ట్ వెంట్ రకాల్లో గొట్టంలో గొట్టం ఉంటుంది. బయటి గాలి వెలుపలి గొట్టంలోంచి లోపలికొస్తుంది, పొగ లోపలి గొట్టంలోంచి బయటికి పోతుంది. లోపలి గొట్టం జాయింటు వదులైతే తను వదిలిన పొగనే తను మళ్లీ పీలుస్తుంది. లక్షణం స్పష్టం: మొదటి పది పదిహేను నిమిషాలు బాగా మండి, ఆ తర్వాత మంట బద్ధకంగా తేలుతూ, పైలట్ బర్నర్ మీంచి లేచి ఆరిపోతుంది. దీన్ని థర్మోకపుల్ అనుకుని మూడుసార్లు మార్చినవాళ్లుంటారు. ముందుగా బయట క్యాప్‌లో పక్షిగూడో, మంచో, డ్రయ్యర్ నూగో అడ్డం పడిందేమో చూడాలి. అది లేకపోతే జాయింట్లు విప్పి చూడాల్సిందే. పైపు అందుబాటులో ఉండి, యూనిట్ బాగుంటే పైపు వరకే మార్చొచ్చు.

గదిలోని గాలినే వాడుకునే బి-వెంట్ రకాలతో ఇల్లు కూడా యంత్రంలో భాగమైపోతుంది. కిటికీలు మార్చి, సందులన్నీ మూసి, బలమైన వంటింటి ఎగ్జాస్ట్ పెట్టాక, ఇరవయ్యేళ్లు బాగా నడిచిన ఫైర్‌ప్లేస్ పొగని గదిలోకి వదలడం మొదలుపెట్టొచ్చు. పరీక్ష ఇలా: తలుపులూ కిటికీలూ మూసి, ఇంట్లోని ఎగ్జాస్ట్ ఫ్యాన్లన్నీ వేసి, బర్నర్ ఐదు నిమిషాలు మండాక, ఆర్పిన అగ్గిపుల్ల పొగని డ్రాఫ్ట్ హుడ్ (పొగ వెంట్‌లోకి వెళ్లే చోట ఉండే తెరుపు) అంచున పెట్టండి. లోపలికి లాగాలి. గదిలోకి తోస్తుంటే ఆపేయండి. ఇక్కడ లోపం ఫైర్‌ప్లేస్‌ది కాకపోయినా, సరైన మందు సీలు చేసిన డైరెక్ట్ వెంట్‌కి మారడమే.

వెంట్ అసలే లేని రకాల్ని నేను బాగుచేయమని చెప్పను. నూటికి తొంభైతొమ్మిది వంతుల వేడి గదిలోనే ఉంటుందని చెప్పేది నిజమే, ఎందుకంటే పొగ కూడా గదిలోనే ఉంటుంది. గంటకి 30,000 బీటీయూ (వేడిని లెక్కగట్టే కొలత) మండితే లీటరుకి పైగా నీటి ఆవిరి గాలిలో కలుస్తుంది. ఆక్సిజన్ 18 శాతం దగ్గరికి పడితే పైలట్ ఆర్పే ఏర్పాటు ఉంటుంది గానీ, అది చివరి గీత.

ఏ రకమైనా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి, దాని వెనక ముద్రించిన గడువు దాటకూడదు. అలారం మోగలేదు కాబట్టి పెట్టె బాగుందనుకోవడం మాత్రం పొరపాటు.

మార్చడం తప్పనప్పుడు

గ్యాస్ ఆదా అవుతుందన్నది కొత్తది అమ్మేవాళ్ల మొదటి మాట. ఎప్పుడూ వెలిగే పైలట్ గంటకి 800 బీటీయూ తాగుతుందనుకుంటే నెలకి 5,76,000. అంటే 30,000 బీటీయూ బర్నర్‌ని 19 గంటలు పూర్తిగా మండించినంత. చిన్న మొత్తం కాదు. కానీ దానికి వైద్యం కొత్త ఫైర్‌ప్లేస్ కాదు, చలి లేని నెలల్లో పైలట్ ఆపేయడం. మళ్లీ వెలిగించే ముందు సాలీళ్ల సంగతి చూసుకుంటే సరిపోతుంది. నాకు బలంగా తోచే కారణం ఇంకోటి: ఉత్తర అమెరికా ప్రమాణాల ప్రకారం 2015 జనవరి 1 నుంచి, గ్లాసు 78 డిగ్రీల సెల్సియస్ దాటే ఫైర్‌ప్లేసులకి ముందు రక్షణ జాలీ తప్పనిసరి. పాతవాటికి అది ఉండదు. పాకే పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. అయినా జాలీ విడిగా కూడా బిగించుకోవచ్చు.

కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఏ ప్రమాణం కింద పరీక్షించారన్నది. జడ్ 21.50 అంటే అలంకారానికి, జడ్ 21.88 అంటే గది వేడెక్కించడానికి. వేడి కావాలనుకునేవాళ్లు మొదటిది కొని తర్వాత బాధపడతారు. లోపలికి తీసుకునే బీటీయూ అంకె పెద్దదిగా చూపిస్తారు, అడగాల్సింది గదికి అందే వేడి ఎంతన్నది. పెద్దది కొంటే పది నిమిషాల్లో గది ఉడికిపోయి ఆపేయాల్సొస్తుంది.

"పాత పైపుకే బిగించేద్దాం" అనేవాళ్లతో జాగ్రత్త. వెంట్ పైపు ఫైర్‌ప్లేస్‌తో పాటు పరీక్షించి ఆమోదించినదై ఉండాలి. బి-వెంట్ పైపుకి డైరెక్ట్ వెంట్ యూనిట్ నేరుగా బిగించకూడదు. ఇటుకల చిమ్నీ ఉంటే అందులోంచి మూడేసి అంగుళాల అల్యూమినియం లైనర్లు రెండు, గాలికొకటి, పొగకొకటి దింపి ఇన్సర్ట్ (పాత ఫైర్‌ప్లేస్ గూట్లో దూర్చే యూనిట్) పెట్టే పద్ధతి ఉంది. గోడ పగలగొట్టే పని తప్పుతుంది. రేకు ఫైర్‌బాక్స్‌లో ఇన్సర్ట్ దూర్చాలంటే మాత్రం ఆ ఇన్సర్ట్‌కి అందుకు ప్రత్యేక ఆమోదం ఉండాలి. గ్యాస్ ఫ్లెక్సిబుల్ కనెక్టర్ పాతది తిరిగి వాడొద్దు, వంచి సరిచేసిన కనెక్టర్‌లో కంటికి కనపడని చీలికలుండొచ్చు. బిగించాక ప్రతి జాయింటుకీ సబ్బునీళ్లు రాసి బుడగలు చూడాలి. పైన చెక్క అరకైనా, టీవీ అయినా ఎంత ఎత్తులో ఉండాలో కొత్త మాన్యువల్ చెప్పిందే లెక్క, పాతదాని దూరాలు పనికిరావు.

మొదటిసారి మూడు నాలుగు గంటలు ఆపకుండా పూర్తి మంట మీద మండించండి, కిటికీలు తెరిచి. రంగూ నూనే కాలి వాసన వస్తుంది, పొగ అలారం కూడా మోగొచ్చు. ఆర్పి, గ్లాసు పూర్తిగా చల్లారాక తీసి, లోపలివైపు పట్టిన తెల్లపొరని ఆ రోజే తుడిచేయండి. వదిలేసి మళ్లీ మళ్లీ మండిస్తే అది గాజులోకి కాలి అతుక్కుపోవచ్చు, అప్పుడిక ఏ క్లీనర్‌కీ రాదు.